జలసంధి అడిగిన కొలతలు: అకాషి కైక్యో వంతెన గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

అకాషి కైక్యో వంతెన పేరు చెప్పగానే చాలామందికి ఒక రికార్డు గుర్తొస్తుంది. ఇది సస్పెన్షన్ వంతెన, అంటే రెండు టవర్ల మీదుగా వేసిన లావాటి తీగల నుంచి రోడ్డు వేలాడుతుంది. ఆ రెండు టవర్ల మధ్య దూరం, అంటే స్పాన్, 1,991 మీటర్లు. 1998 నుంచి 2022 దాకా ప్రపంచంలో అంతకన్నా పొడవైన స్పాన్ లేదు. 2022 మార్చిలో టర్కీలో చనక్కలె వంతెన 2,023 మీటర్లతో దాన్ని దాటింది. రికార్డు సంగతి అంతటితో వదిలేద్దాం. ఈ వంతెనలో ఏ కొలతనూ ఎవరో గొప్ప కోసం పెట్టలేదు. పునాది వ్యాసం, టవర్ల దూరం, తీగ బలం, డెక్ (రోడ్డును మోసే భాగం) ఆకారం, అన్నీ ఆ జలసంధి అడిగి పెట్టించుకున్నవే. ఒక్కో అంకె వెనకాల ఉన్న కారణం తెలిస్తే గానీ ఈ వంతెన అర్థం కాదు.

ముందు చోటు సంగతి. జపాన్ ప్రధాన ద్వీపం హోన్షూ. దానిమీద కోబె నగరం, ఆ నగరంలో మైకో అనే తీరం. ఎదురుగా అవాజి ద్వీపం. మధ్యలో సుమారు 4 కిలోమీటర్ల వెడల్పున అకాషి జలసంధి. అవాజి నుంచి దక్షిణంగా పోతే 1985లో తెరిచిన ఓనరుతొ వంతెన మీదుగా షికోకు ద్వీపం చేరతాం. అంటే అకాషి వంతెన కలిపింది రెండు ద్వీపాలనే అయినా, నిజానికి మూడో ద్వీపానికి దారి ఇచ్చింది.

వంతెన లేని రోజుల్లో ఈ దారంతా పడవల మీదే. 1945 డిసెంబరులో అవాజిలోని ఇవాయా రేవు నుంచి అకాషికి బయల్దేరిన సెకిరేయి మరు అనే పడవ మునిగి 304 మంది చనిపోయారు. 1955 మేలో షికోకు దగ్గర షియున్ మరు అనే ఫెర్రీ మరో ఓడతో ఢీకొని 168 మంది పోయారు, వాళ్లలో చాలామంది విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు. వంతెన కావాలని జనం గట్టిగా అడగడం అక్కణ్నుంచే పెరిగింది. కోబె మేయర్‌గా ఉన్న హరగుచి చూజిరో స్వయంగా ఇంజనీరు, ఆయన దీన్ని పట్టుకుని వదల్లేదు. 1970లో హోన్షూ - షికోకు వంతెనల సంస్థ ఏర్పడింది. 1973 చమురు సంక్షోభంతో పని వాయిదా పడింది. మొదట రోడ్డూ రైలూ రెండూ పోయేలా అనుకున్నది, 1985లో రోడ్డు మాత్రమే అని తేల్చారు. 1988 మేలో జలసంధిలో పని మొదలైంది, 1998 ఏప్రిల్ 5న వంతెన తెరిచారు. ఖర్చు సుమారు 50 వేల కోట్ల యెన్‌లు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 1,991 మీటర్లు ఎందుకు? ఇంకో రెండు స్తంభాలు మధ్యలో వేస్తే సరిపోయేది కదా?

సరిపోదు. ఆ జలసంధిలో రోజుకు 1,400కు పైగా ఓడలు తిరుగుతాయి. ఓడల దారికి 1,500 మీటర్ల వెడల్పు వదలాలి, అందులో ఒక్క స్తంభం కూడా ఉండకూడదు. అదొక్కటే కారణం కాదు. వంతెన దారిలో సముద్రం 110 మీటర్ల దాకా లోతుంటుంది. ఆ లోతులో పునాది వేయాలంటే మనిషి చేతిలో ఉన్న సాధనాలు చాలవు. అందుకని ఓడల దారికి రెండు వైపులా, నీళ్లు 40 మీటర్లకు కాస్త అటూ ఇటూ లోతున్నచోట, ఇంకొంత తవ్వితే గట్టి నేల దొరికేచోట టవర్లు నిలపాల్సి వచ్చింది. అలా రెండు చోట్లు వెతికి కొలిస్తే మధ్య దూరం దాదాపు రెండు కిలోమీటర్లు తేలింది. దానికి రెండు వైపులా 960 మీటర్ల చొప్పున పక్క స్పాన్లు. ఓడలు కింద నుంచి పోవడానికి 65 మీటర్ల ఖాళీ.

పునాదుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను. పైకి కనిపించని పని కాబట్టి దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, కానీ పనంతటిలో కష్టమైనది ఇదే.

మన గోదావరి, కృష్ణ వంతెనల మీద పనిచేసినవాళ్లకు వెల్ ఫౌండేషన్, అంటే బావి పునాది, బాగా తెలుసు. ఇసుక మీద కర్బ్ అనే అడుగు చట్రం పెట్టి, పైన స్టీనింగ్ అనే బావి గోడ లేపుతూ, లోపలి మట్టి తోడుతూ పోతే బావి తన బరువుతో తానే కిందికి దిగుతుంది. ముందు బావి, తర్వాత తవ్వకం. అకాషిలో ఇది తిరగబడింది. అక్కడ ప్రవాహం సెకనుకు 4 మీటర్లు దాటుతుంది, రోజుకు నాలుగుసార్లు దిశ మారుతుంది. నెలల తరబడి ఒక బావిని కొంచెం కొంచెంగా దించుతూ దాన్ని నిటారుగా పట్టుకోవడం ఆ నీళ్లలో జరిగే పని కాదు. అందుకని ముందే సముద్రపు అడుగును తవ్వి చదును చేశారు, తర్వాత తయారైన డబ్బాను తెచ్చి ఒక్క దెబ్బలో కూర్చోబెట్టారు.

తవ్వకం గ్రాబ్ డ్రెడ్జర్లతో చేశారు. పెద్ద ఇనుప దవడ సముద్రం అడుగుకు దిగి రాళ్లూ మట్టీ కొరికి పైకి తెస్తుంది. కోబె వైపు టవర్ పునాదికి నీటిమట్టం కింద 60 మీటర్ల దాకా, అవాజి వైపు దానికి 57 మీటర్ల దాకా వెళ్లారు. కోబె వైపుది సగం గట్టిపడిన కంకర పొర మీద నిలిచింది. అవాజి వైపుది ఇసుకరాయి, మట్టిరాయి కలిసిన మెత్తటి రాతి మీద. రెండు చోట్లా కూర్చునే తలం చదునుగా రావాలి. ఒక అంచు ఎత్తుగా ఉంటే డబ్బా ఒకవైపు ఆని, గోడల ఉక్కు వంగిపోతుంది.

ఆ డబ్బా పేరు కైసన్. కోబె వైపుది 80 మీటర్ల వ్యాసం, 70 మీటర్ల ఎత్తు. అవాజి వైపుది 78 మీటర్ల వ్యాసం, 67 మీటర్ల ఎత్తు. గుండ్రటి ఆకారమే ఎందుకంటే, ప్రవాహం ఏ దిశ నుంచి వచ్చినా ఒకేలా తగులుతుంది. చదరపు డబ్బా అయితే దిశ మారినప్పుడల్లా నెట్టే బలం మారుతుంది, కట్టిన తాళ్లలో లెక్క తప్పుతుంది. గోడ రెండు పొరలు, మధ్యలో గాలి. అందుకే వేల టన్నుల ఉక్కు తేలుతుంది. టగ్ బోట్లతో లాక్కొచ్చి, నలువైపులా లంగరు తాళ్లతో బిగించి, ఆటుపోట్ల మధ్య నీరు కాస్త నెమ్మదించే సమయం చూసి, గోడల మధ్యలోకి పంపులతో నీళ్లు నింపారు. 1989లో రెండు కైసన్లూ అడుగున కూర్చున్నాయి.

కూర్చోగానే ఇంకో ప్రమాదం మొదలవుతుంది. ప్రవాహం అడ్డం తగిలినచోట సుడి తిరిగి కింద మట్టిని కోసేస్తుంది. మన నదుల్లో వరద తర్వాత పియర్ల (వంతెన స్తంభాల) చుట్టూ గుంతలు పడటం చూసే ఉంటారు, స్కవర్ అంటాం. అకాషిలో అది వరదకు మాత్రమే కాదు, ప్రతి ఆటుపోటుకూ జరుగుతుంది. అందుకని కైసన్‌ను ఆనుకుని నెట్ సంచుల్లో నింపిన రాళ్లు పరిచారు. కింది సన్నటి మట్టి సందుల్లోంచి లేచిపోకుండా ఇవి పట్టుకుంటాయి. వాటి చుట్టూ, పైనా టన్ను బరువుకు అటూ ఇటూ ఉండే పెద్ద రాళ్లు. వరస తప్పితే, అంటే సంచులు లేకుండా పెద్ద రాళ్లే వేస్తే, వాటి మధ్య సందుల్లోంచి మట్టి జారిపోయి రాళ్లు లోపలికి దిగబడతాయి.

తర్వాత కాంక్రీటు. మామూలు కాంక్రీటును నీళ్లలో పోస్తే సిమెంటు కడుక్కుపోయి కంకర మిగులుతుంది. అడుగుదాకా దించే ట్రెమీ పైపుతో పోసినా ఇంత వెడల్పులో అంచుల దగ్గర నాణ్యత పోతుంది. ఇక్కడ వాడింది నీళ్లలో విడిపోని కాంక్రీటు. అందులో కలిపే జిగురు లాంటి పదార్థం సిమెంటు రేణువుల్ని పట్టి ఉంచుతుంది, అయినా మిశ్రమం తనంతట తాను పరుచుకుంటుంది. కోబె వైపు ఒక్క పునాదిలోనే నీటి కింద పోసిన కాంక్రీటు రెండున్నర లక్షల ఘనపు మీటర్లు దాటింది. సముద్రం మధ్యలో కాంక్రీటు ప్లాంటు ఉన్న ఓడ నిలిపి, రాత్రీ పగలూ ఆపకుండా పోశారు. ఇంత పెద్ద ముద్దలో సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేదు. లోపల వేడి, బయట చల్లదనం, ఆ తేడాకు బీటలు. దానికని తక్కువ వేడి పుట్టించే సిమెంటు తయారు చేయించారు. ఇంకో మాట: ఆ జలసంధి చేపలకూ ఆక్టోపస్‌లకూ పేరున్న చోటు. సిమెంటు నీళ్లలో కలిసిపోతే జాలర్ల బతుకే పోయేది. నీళ్లలో కరగని కాంక్రీటు వాళ్ల కోసం కూడా అవసరమైంది.

తీరాల మీద తీగల చివర్లు పట్టుకునే యాంకరేజిలు ఉంటాయి. ఒక్కో కేబుల్ లాగుడు దాదాపు 60 వేల టన్నులు, రెండు కేబుళ్లకూ కలిపి ఒక్కో తీరం మీద లక్షా ఇరవై వేల టన్నులు. అవాజి వైపు గ్రానైట్ రాయి దగ్గర్లోనే దొరికింది. కోబె వైపు రాయి బాగా లోపల ఉంది. అక్కడ 85 మీటర్ల వ్యాసంతో, 2.2 మీటర్ల మందం ఉన్న గుండ్రటి డయాఫ్రం గోడ భూమిలో కట్టి, లోపల 60 మీటర్లకు పైగా తవ్వి, రోలర్లతో తొక్కించే కాంక్రీటుతో నింపారు. పైన కట్టే యాంకరేజిలో ఉక్కు చట్రం ఎంత చిక్కగా ఉంటుందంటే కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ దూర్చే సందుండదు. అప్పటికే టోక్యో విశ్వవిద్యాలయంలో ఒకమురా హజిమె బృందం తనంతట తానే సర్దుకునే కాంక్రీటును రూపొందించింది. దాన్ని ఇక్కడ పెద్ద ఎత్తున వాడారు. ప్లాంటు నుంచి 200 మీటర్ల పైపులో పంపు చేసి పోస్తే వైబ్రేటర్ లేకుండానే మూలమూలలకూ చేరింది. రెండున్నరేళ్లు పడుతుందనుకున్న పని రెండేళ్లలో అయింది. ఇవాళ మన మెట్రో పనుల్లో, ఎత్తైన భవనాల్లో ఎస్‌సీసీ అని రోజూ వినే కాంక్రీటు ఇదే.

టవర్ల గురించి క్లుప్తంగా. సముద్రమట్టానికి 298 మీటర్ల ఎత్తు, పూర్తిగా ఉక్కు. తీగలు తగిలించకముందు ఒంటరిగా నిలబడ్డ టవర్ గాలికి లయ పట్టి ఊగుతుంది, అది ప్రమాదకరమైన దశ. అందుకని టవర్ల లోపల లోలకాల్లాంటి బరువులు పెట్టారు. టవర్ ఒకవైపు ఊగితే ఇవి ఎదురు ఊగి ఆ శక్తిని తాగేస్తాయి. రెండు టవర్లూ నిటారుగానే ఉన్నా, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మొదళ్ల కన్నా శిఖరాల మధ్య దూరం 9 సెంటీమీటర్లకు పైగా ఎక్కువ. స్పాన్‌ను భూమి వ్యాసార్ధంతో భాగించి టవర్ ఎత్తుతో గుణించండి, మీకే వస్తుంది.

ఇక కేబుల్. స్పాన్ పెరిగేకొద్దీ కేబుల్ మోసేది బండ్ల బరువు కాదు, తన బరువూ డెక్ బరువూ. ఈ వంతెనలో కేబుల్ మోసే భారంలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఆ శాశ్వత బరువే. లారీలూ కార్లూ మిగిలిన కాస్తలో సర్దుకుంటాయి. అప్పటిదాకా వాడుతున్న తీగ బలం చదరపు మిల్లీమీటరుకు 160 కిలోలు. దానితో కడితే వైపుకు రెండేసి, మొత్తం నాలుగు కేబుళ్లు కావాలి. కేబుళ్లు పెరిగితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే టవర్, యాంకరేజి, పునాది అన్నీ పెరుగుతాయి. ఈ చక్రాన్ని తెంచడానికి ఉక్కు కర్మాగారాలు సిలికాన్ పాలు పెంచి 180 కిలోల తీగ తయారు చేశాయి. గాల్వనైజ్ చేసేటప్పుడు జింక్ స్నానం వేడికి ఉక్కు బలం కొంత తగ్గుతుంది. సిలికాన్ ఆ తగ్గుదలను అడ్డుకుంటుంది. భద్రతా గుణకాన్ని (మోయాల్సిన భారానికి బలం ఎన్ని రెట్లు ఉండాలో చెప్పే అంకె) కూడా 2.5 నుంచి 2.2కు తగ్గించారు. భారంలో అత్యధిక భాగం ఎప్పుడూ మారనిది, కచ్చితంగా లెక్కకు అందేది కాబట్టి అనిశ్చితికి వదిలే వాటా తగ్గించవచ్చని వాళ్ల వాదన. నా దృష్టిలో అది సరైన వాదనే. గుణకం ఎప్పుడో పుస్తకంలో రాశారు కదా అని అలాగే మోసుకుపోవడం కన్నా, అది దేనికి పెట్టారో అడగడమే ఇంజనీరింగ్.

ఫలితంగా వైపుకు ఒక్కటే కేబుల్, వ్యాసం 1.12 మీటర్లు. ఒక్కో తీగ 5.23 మిల్లీమీటర్లు. అలాంటివి 127 కలిపి ఒక స్ట్రాండ్, 290 స్ట్రాండ్లు కలిపి ఒక కేబుల్. మొత్తం 36,830 తీగలు. ఒక్క తీగ తెగడానికి దాదాపు నాలుగు టన్నులు వేలాడదీయాలి. రెండు కేబుళ్లలోని తీగనంతా ఒకే వరసగా పరిస్తే సుమారు మూడు లక్షల కిలోమీటర్లు. స్ట్రాండ్లను కర్మాగారంలోనే కట్టి, చుట్ట చుట్టి తెచ్చారు. గాల్లో తీగ తీగగా అల్లే పాత పద్ధతి కన్నా ఇందులో గాలి ఆటంకం తక్కువ.

మొదటి తాడు ఆ ఒడ్డుకు ఎలా చేరింది? మామూలుగా పడవతో సముద్రం మీదుగా లాగుతారు, అంతసేపూ ఓడలు ఆపాలి. ఇక్కడ ఆపే వీల్లేదు. 1993 నవంబరులో 10 మిల్లీమీటర్ల అరమిడ్ అనే బలమైన కృత్రిమ నార తాడును హెలికాప్టర్‌తో టవర్ల మీదుగా లాక్కెళ్లారు. ఉక్కు తాడు అయితే హెలికాప్టర్ మోయలేదు. ఆ సన్నటి తాడుతో కాస్త లావుది, దానితో ఇంకా లావుది లాగుతూ పోయి, పనివాళ్లు నడిచే వేలాడే బాట కట్టారు.

కేబుళ్లు పూర్తయ్యాయి, డెక్ ఇంకా ఎక్కించలేదు. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5:46కు కోబె భూకంపం. దాని కేంద్రం వంతెనకు దగ్గర్లోనే. భూమి పగులు రెండు టవర్ల మధ్య నుంచి పోయింది. వంతెనను డిజైన్ చేసింది 150 కిలోమీటర్ల దూరంలో వచ్చే 8.5 తీవ్రత భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని. వచ్చింది అంతకన్నా చిన్నది, కానీ కాళ్ల కిందే వచ్చింది. పునాదులూ టవర్లూ కేబుళ్లూ దెబ్బతినలేదు. కాకపోతే నేలే జరిగిపోయింది. టవర్ల మధ్య దూరం 0.8 మీటరు పెరిగింది, అవాజి వైపు పక్క స్పాన్ 0.3 మీటరు పెరిగింది. మొదట 1,990 అనుకున్నది 1,991 అని మనం చదవడం అందుకే. దూరం పెరిగితే కేబుల్ బిగుసుకుంటుంది, దాని వేలాడే లోతు మీటరుకు పైగా తగ్గింది. అన్నిటినీ మళ్లీ కొలిచి, డెక్‌లో ఇంకా తయారుకాని కొన్ని భాగాల పొడవూ, డెక్‌ను కేబుల్‌కు వేలాడదీసే హ్యాంగర్ల పొడవూ మార్చి కొత్త దూరానికి సరిపెట్టారు. భూకంపం కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చి ఉంటే డెక్ ముక్కలన్నీ సిద్ధమై ఉండేవి, ఈ సర్దుబాటు ఇంత తేలికగా అయ్యేది కాదు.

డెక్ సంగతి గాలితో ముడిపడింది. 1940లో అమెరికాలో టకోమా వంతెన గంటకు 65 కిలోమీటర్ల గాలికే మెలితిరిగి కూలింది. ఆ గాలి వంతెనను నెట్టేసేంత బలమైనది కాదు. ఒక వేగం దగ్గర గాలి ఇచ్చే శక్తి, వంతెన మెలి తిరిగే కదలిక ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. దాన్ని ఫ్లట్టర్ అంటారు. అకాషిలో సెకనుకు 78 మీటర్ల గాలి దాకా ఫ్లట్టర్ రాకూడదని నియమం పెట్టుకున్నారు. నూరో వంతు నమూనా అంటే 40 మీటర్ల పొడవు, దానికోసం త్సుకుబాలో 41 మీటర్ల వెడల్పున గాలి సొరంగం కట్టారు. ముక్కను పరీక్షిస్తే చాలదా అంటే చాలదు. ఇంత పొడవైన డెక్ గాలికి పక్కకు వంగుతుంది, డిజైన్ గాలిలో మధ్యభాగం 27 మీటర్ల దాకా జరుగుతుంది. వంగినప్పుడు చోటుచోటుకూ గాలి తగిలే కోణం మారుతుంది. అది నిండు నమూనాలోనే కనిపిస్తుంది.

14 మీటర్ల ఎత్తు, 35.5 మీటర్ల వెడల్పున్న ట్రస్, అంటే ఉక్కు కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రం, ఎంచుకున్నారు. బల్లపరుపు పెట్టె ఆకారం తేలికైనదే, కానీ ఈ స్పాన్‌లో అది కావలసిన ఫ్లట్టర్ వేగాన్ని అందుకోలేదు. ట్రస్‌కు కూడా సాయం కావలసి వచ్చింది. రోడ్డు మధ్యలోనూ అంచుల్లోనూ ఇనుప జాలీ పెట్టి గాలి కిందికీ పైకీ పోయేలా చేశారు, మధ్య స్పాన్ పొడవునా నడిమి విభాగం కింద నిలువు పలకలు దించారు. ట్రస్‌తో ఇంకో లాభం కూడా ఉంది. కింద ఓడలుంచి పెద్ద ముక్కలు ఎత్తనక్కర్లేకుండా, టవర్ల దగ్గర మొదలుపెట్టి కట్టినదాని మీదే క్రేన్ నడుపుతూ ముందుకు పోవచ్చు. ఓడల దారి అలాగే తెరిచి ఉంది.

తెరిచాక బయటపడ్డ ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఒక్కో చోట హ్యాంగర్లు జంటగా వేలాడతాయి. గాలికి ముందున్న హ్యాంగర్ వెనక పుట్టే సుడిలో వెనకదాని కదలిక పెరిగిపోయింది. తుఫాను గాలుల్లో ఆ రెండిటినీ కలిపి ఊపు తగ్గించే రబ్బరు పరికరాలు దెబ్బతిన్నాయి. చివరికి హ్యాంగర్ చుట్టూ సన్నటి తాడును మెలిగా చుట్టారు. ఆ గీత గాలి ప్రవాహాన్ని చీల్చి, సుడి ఒకే లయలో రాకుండా చేస్తుంది. నూరో వంతు నమూనాలో హ్యాంగర్ దారంలా ఉంటుంది, ఈ కదలిక అందులో కనిపించదు.

నిర్వహణలో అసలు శత్రువు తుప్పు. కేబుల్‌లో తీగలు ఎంత బిగించినా ఐదో వంతు ఖాళీయే. పాత పద్ధతిలో పైన పేస్టు పూసి, తీగ చుట్టి, రంగు వేస్తారు. కేబుల్ కదులుతూనే ఉంటుంది కాబట్టి రంగు పగులుతుంది, వాన దిగుతుంది, దిగిన నీరు బయటికి రాదు. పగలు ఆవిరై రాత్రి మళ్లీ తీగల మీద చేరుతుంది. ఇదే సంస్థ అంతకు ముందు కట్టిన వంతెనల కేబుళ్లు విప్పి చూస్తే కొద్ది ఏళ్లకే తుప్పు కనిపించింది. అందుకని అకాషిలో బయట రబ్బరు పొర చుట్టి, ఉప్పు వడకట్టి, తేమ తీసేసిన గాలిని కేబుల్ లోపలికి ఊదుతారు. బయటికొచ్చే గాలిలో తేమ 60 శాతం లోపు ఉండాలి. ఆ హద్దు కింద గాల్వనైజ్ తీగ తుప్పు దాదాపు ఆగిపోతుంది. ఇలా పొడిగాలి ఊదే ఏర్పాటు సస్పెన్షన్ కేబుల్‌కు ఇక్కడే మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో పాత వంతెనలకు కూడా అమరుస్తున్నారు. కొలిచేది ఒక్క అంకె కావడం ఇందులోని గొప్ప సుఖం. తేమ పెరిగిందంటే ఎక్కడో పొర చిరిగింది, లేదా యంత్రం ఆగింది. కేబుల్ విప్పకుండానే తెలుస్తుంది.

జపాన్‌లో ఉన్నవాళ్లు, వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు మైకో స్టేషన్లో దిగండి. వంతెన స్టేషన్ పక్కనే మొదలవుతుంది. ట్రస్ లోపల నీటికి 47 మీటర్ల ఎత్తులో సందర్శకులకు నడక దారి ఉంది. అక్కడ ట్రస్ లోపలి నుంచి ఉక్కు కడ్డీల అమరికను దగ్గరగా చూడొచ్చు, అవాజికి నీళ్లు తీసుకెళ్లే గొట్టం కూడా ఈ వంతెన మీదుగానే పోతుంది. ఒడ్డున నిలబడి కేబుల్ వెంబడి చూపు నడిపిస్తే, అక్కడక్కడ కాస్త ఉబ్బెత్తుగా కవర్లు కనిపిస్తాయి. పొడిగాలి లోపలికి వెళ్లేదీ బయటికొచ్చేదీ వాటిలోంచే. బైనాక్యులర్స్ ఉంటే హ్యాంగర్ల మీద మెలిగా చుట్టిన తాడు కూడా గుర్తుపట్టవచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.